జాగా ఎవరి చేతిలో ఉంది? ఒక పోస్ట్‌గ్రెస్ సర్వర్ డిస్క్ డైరీ

1వ రోజు

డేటాబేస్ సర్వర్‌లోని డేటా వాల్యూమ్ 91 శాతం నిండిందని ఈ ఉదయం హెచ్చరిక వచ్చింది. కొత్త డిస్క్ తగిలిస్తే ఈ పూటకు గండం గడుస్తుంది. కానీ పాత టికెట్లు తిరగేస్తే, కొన్ని నెలల క్రితం ఇదే హెచ్చరికకు ఇదే మందు వేశామని తెలిసింది. అప్పుడు కలిపిన జాగా కూడా ఇప్పుడు నిండిపోయింది. అందుకే ఈసారి జాగా పెంచే ముందు, ఉన్న జాగాను ఎవరు పట్టుకొని కూర్చున్నారో తేల్చాలనీ, తేలినదాన్ని ఏ రోజుకారోజు రాసిపెట్టాలనీ నిర్ణయించుకున్నాను.

సర్వర్ మీద లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) డేటాబేస్ 14వ వెర్షన్ నడుస్తున్నాయి. డిస్కు జాగాను వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎం మీద 900 జీబీ వాల్యూమ్, దాని మీద ఫైళ్ళను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఉన్నాయి. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే 5 శాతం బ్లాకులను రూట్ యూజర్ (సిస్టమ్ నిర్వాహక ఖాతా) కోసం పక్కన పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ రూట్‌గా నడవదు కనుక ఆ 45 జీబీ మన లెక్కలోకి రాదు. మిగిలిన సుమారు 855 జీబీలో 778 జీబీ వాడకంలో ఉంది.

డీయూ కమాండ్‌తో డైరెక్టరీల వారీగా కొలిచాను. టేబుళ్ళూ, వాటిలో వెతుకులాటను వేగం చేసే ఇండెక్సులూ ఉండే బేస్ డైరెక్టరీ 560 జీబీ, పీజీ_వాల్ డైరెక్టరీ 186 జీబీ, సర్వర్ లాగ్ ఫైళ్ళు 12 జీబీ ఉన్నాయి. ఇవి కాక, ఎప్పుడో ఒక అప్‌గ్రేడ్‌కు ముందు తీసి మరచిపోయిన 20 జీబీ డంప్ ఫైల్ ఒకటి ఉంది. ఏ డిస్కుకు ప్రమాదం వస్తే బ్యాకప్ అక్కరకు రావాలో ఆ డిస్కు మీదే ఉన్న కాపీని బ్యాకప్ అనలేము. దాన్ని బ్యాకప్ సర్వర్‌కు పంపి, చెక్‌సమ్ సరిచూసుకొని, ఇక్కడి నుంచి తీసేశాను.

పీజీ_వాల్‌లో మాత్రం చేయి పెట్టలేదు. పెద్ద డైరెక్టరీ కనిపించగానే అందులోని పాత ఫైళ్ళను తీసేయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. ఈ విషయంలో అంతకు మించిన ప్రమాదం లేదు. సర్వర్ అకస్మాత్తుగా ఆగిపోతే డేటాను తిరిగి సరైన స్థితికి తెచ్చేవి ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే ఈ రైట్ అహెడ్ లాగ్ (వాల్) ఫైళ్ళే. ఈ డైరెక్టరీ పేరు ఒకప్పుడు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ అని ఉండటం వల్ల మామూలు లాగ్ ఫైళ్ళనుకొని చెరిపేసి డేటాబేస్‌లను పోగొట్టుకున్నవారు ఉన్నారు కనుకనే, 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో పేరును పీజీ_వాల్‌గా మార్చారు.

2వ రోజు

ఈ రోజంతా వాల్ ఫైళ్ళతోనే గడిచింది. ఒక్కో ఫైల్ 16 ఎంబీ కనుక 186 జీబీ అంటే దాదాపు 11,900 ఫైళ్ళు. మా సెట్టింగ్‌లలో మ్యాక్స్_వాల్_సైజ్ 8 జీబీ. పేరు చూసి దీన్ని గట్టి హద్దు అనుకుంటాం కానీ, అది చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డేటా ఫైళ్ళలోకి రాసే పని) ఎప్పుడు జరగాలో నిర్ణయించే మెత్తని హద్దు మాత్రమే. ఆ ఫైళ్ళు ఇంకా కావాలని ఎవరైనా అంటున్నంత కాలం పోస్ట్‌గ్రెస్ ఈ హద్దును పక్కన పెట్టి వాటిని దాచి ఉంచుతుంది.

అలా అడగగలిగినవారు ముగ్గురు. మొదటిది ఆర్కైవింగ్, అంటే వాల్ ఫైళ్ళను వేరే చోటికి కాపీ చేయడం: ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతుంటే, కాపీ కాని ఏ ఫైలూ డిస్కు నుంచి పోదు. పీజీ_స్టాట్_ఆర్కైవర్ అనే వ్యూలో (పోస్ట్‌గ్రెస్ తన స్థితిని చూపే పట్టికలో) చూస్తే వైఫల్యాలేమీ లేవు, చివరిగా ఆర్కైవ్ అయిన ఫైల్ అర నిమిషం కిందటిది. రెండవది, ఎంత వాల్‌ను ఎప్పుడూ ఉంచాలో చెప్పే వాల్_కీప్_సైజ్: మా దగ్గర అది సున్నా. ఇక మిగిలింది రెప్లికేషన్ స్లాట్, ప్రైమరీ (ప్రధాన) సర్వర్‌ను అనుసరించే నకలు సర్వర్ అయిన రెప్లికా కోసం పెట్టేది. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ వ్యూ తెరవగానే రెండు వరుసలు కనిపించాయి. ఒకటి ఇప్పుడు నడుస్తున్న రెప్లికాది, వెనుకబాటు కొన్ని కేబీలు మాత్రమే. రెండవదానికి యాక్టివ్ అన్న చోట ఫాల్స్ అని ఉంది. దాని రీస్టార్ట్_ఎల్‌ఎస్‌ఎన్‌కూ (వాల్‌లో అది ఆగిన చోటు) ప్రస్తుత స్థానానికీ మధ్య దూరాన్ని పీజీ_వాల్_ఎల్‌ఎస్‌ఎన్_డిఫ్‌తో లెక్కిస్తే 178 జీబీ వచ్చింది.

స్లాట్ అంటే ప్రైమరీ సర్వర్ రెప్లికాకు ఇచ్చిన మాట: నువ్వు చదివేదాకా ఈ ఫైళ్ళను చెరపను అని. రెప్లికా తాత్కాలికంగా ఆగిపోయినప్పుడు ఈ మాట ఎంతో విలువైనది. కానీ ఆ రెప్లికాను తీసేసి, స్లాట్‌ను మాత్రం తీయడం మరచిపోతే, ఇక రాని మనిషి కోసం సర్వర్ నెలల తరబడి ఫైళ్ళు దాస్తూనే ఉంటుంది. ఇక్కడ జరిగింది అదే. రెండవ స్లాట్ పేరులో ఉన్న మెషీన్‌ను గతంలోనే తీసేశామని సహోద్యోగి ఖాయం చేశారు. ఆయన మాటతో పాటు నెట్‌వర్క్‌లో ఆ చిరునామా నుంచి స్పందన లేదని కూడా చూసుకున్నాకే పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్ నడిపాను.

స్లాట్ పోయిన మరుక్షణం డిస్కు వాడకాన్ని చూపే డీఎఫ్ కమాండ్‌లో ఏ మార్పూ రాలేదు. అనవసరమైన వాల్ ఫైళ్ళను తొలగించేది తరువాతి చెక్‌పాయింట్. అది కూడా అన్నింటినీ చెరపదు, కొన్నింటికి కొత్త పేరు పెట్టి మళ్ళీ వాడుకుంటుంది. చెక్‌పాయింట్ కమాండ్ ఇచ్చాక పీజీ_వాల్ 8 జీబీకి దిగింది.

ఇది మళ్ళీ జరగకుండా మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్‌ను 60 జీబీగా పెట్టాను. 13వ వెర్షన్‌లో వచ్చిన ఈ సెట్టింగ్‌కు డిఫాల్ట్ విలువ మైనస్ 1, అంటే హద్దు లేదు. హద్దు పెడితే దానికి తగిన మూల్యం ఉంటుంది: రెప్లికా అంతకన్నా వెనుకబడితే దాని స్లాట్ చెల్లకుండా పోతుంది, రెప్లికాను మొదటి నుంచి కట్టుకోవలసి రావచ్చు. అయినా నా దృష్టిలో ఇదే సరైన బేరం. రెప్లికాను కట్టుకోవడం ఒక రోజు శ్రమ. ప్రైమరీ డిస్కు నిండి ఆగిపోతే అందరి పనీ ఆగుతుంది.

3వ రోజు

సర్వర్ లాగ్‌లను డేటా వాల్యూమ్ నుంచి వేరే వాల్యూమ్‌కు మార్చి, పాత 12 జీబీని కాపీ చేసి, ఇక్కడ తీసేశాను. డీయూ ప్రకారం ఆ డైరెక్టరీ ఖాళీ. డీఎఫ్ ప్రకారం వాడకంలో ఒక్క జీబీ కూడా తగ్గలేదు.

ఈ రెండు కమాండ్‌లూ వేర్వేరు సంగతులు చెబుతాయన్నది గుర్తుంచుకోవాలి. డీయూ డైరెక్టరీల్లో కనిపించే పేర్లను పట్టుకొని కూడుతుంది. డీఎఫ్ ఫైల్ సిస్టమ్ కేటాయించిన బ్లాకులను లెక్కిస్తుంది. ఫైల్‌ను చెరిపే ఆర్‌ఎమ్ కమాండ్ చేసేది పేరును తీసేయడమే. ఆ ఫైల్‌ను ఏదైనా ప్రాసెస్ తెరిచి ఉంచితే, అది మూసేదాకా ఐనోడ్ (ఫైల్ వివరాల నమోదు) గానీ బ్లాకులు గానీ విడుదల కావు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌ను ప్లస్ ఎల్1 ఆప్షన్‌తో నడిపితే పేరు పోయి ప్రాణం మిగిలిన ఫైళ్ళ జాబితా వస్తుంది. ఆ జాబితాలో లాగ్‌లను వేరే సర్వర్‌కు పంపే ప్రోగ్రామ్ పేరు నాలుగు వరుసల్లో ఉంది, పక్కన బ్రాకెట్లలో డిలీటెడ్ అన్న గుర్తు ఉంది. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేసిన వెంటనే 12 జీబీ తిరిగి వచ్చింది.

వాడకం 568 జీబీ, అంటే 66 శాతం. మూడు రోజుల్లో 210 జీబీ దొరికింది, అసలు డేటాలో ఒక్క వరుసను కూడా ముట్టుకోలేదు.

5వ రోజు

ఇక టేబుళ్ళ వంతు. పీజీ_టోటల్_రిలేషన్_సైజ్‌తో పెద్దవాటిని వరుసలో పెడితే, మొదటిది అప్లికేషన్‌లో జరిగే ప్రతి సంఘటనను నమోదు చేసే ఈవెంట్స్ టేబుల్: మొత్తం 240 జీబీ. అందులో అసలు వరుసలున్న హీప్ 130, ఇండెక్సులు 96, పెద్ద విలువలను విడిగా దాచే టోస్ట్ 14 జీబీ. సుమారు 40 కోట్ల వరుసలకు ఇంత పరిమాణం ఎక్కువ అనిపించి పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్ చూశాను. చనిపోయిన వరుసల సంఖ్య బతికున్నవాటికి దగ్గరగా ఉంది.

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వరుస మీద కొత్తది రాయడం కాదు. పాతది అక్కడే ఉంటుంది, కొత్త ప్రతి వేరే చోట పుడుతుంది. పాత ప్రతిని చూడవలసిన ట్రాన్సాక్షన్ (ఒకే ముక్కగా జరిగే పని) ఏదీ లేదని తేలాక వ్యాక్యూమ్ అనే శుభ్రపరిచే పని వచ్చి ఆ జాగాను మళ్ళీ వాడుకకు ఇస్తుంది. మా ఈవెంట్స్ టేబుల్‌లో ప్రతి వరుసా పుట్టిన రెండు మూడు రోజుల్లో స్థితి మారుతూ కొన్ని సార్లు అప్‌డేట్ అవుతుంది. కనుక చనిపోయిన వరుసలు రావడంలో వింత లేదు. ఆటోవ్యాక్యూమ్ (దానంతటదే మొదలయ్యే వ్యాక్యూమ్) నడిచినట్టు నమోదై ఉన్నా అవి పోకపోవడమే వింత.

చేత్తో వ్యాక్యూమ్‌ను, వివరాలు చూపే వెర్బోస్‌తో నడిపాను. కోట్ల సంఖ్యలో చనిపోయిన వరుసలను ఇంకా తొలగించలేకపోతున్నానని, తాను దాటలేని అతి పాత ట్రాన్సాక్షన్ సంఖ్యతో సహా చెప్పింది. పీజీ_స్టాట్_యాక్టివిటీలో బ్యాకెండ్_ఎక్స్‌మిన్ కాలమ్ ప్రకారం క్రమంలో పెడితే ఆ సంఖ్య ఒక సెషన్ దగ్గర దొరికింది. రిపోర్టులు తయారుచేసే ఒక ప్రోగ్రామ్ రిపీటబుల్ రీడ్ స్థాయిలో (మొదట కనిపించిన డేటానే చివరిదాకా చూపే పద్ధతిలో) ట్రాన్సాక్షన్ తెరిచి, మొదటి క్వెరీ ఫలితం తీసుకొని, కమిట్ (ఖాయం) గానీ రోల్‌బ్యాక్ (రద్దు) గానీ చేయకుండా 11 రోజులుగా ఊరికే ఉంది. ఆ సెషన్ ఒక్క బైటు కూడా రాయలేదు. అయినా, అది తీసుకున్న స్నాప్‌షాట్‌కు ఏది కనిపించాలో అదంతా నిలిపి ఉంచాలి కనుక, ఈ 11 రోజుల్లో పాతబడిన వరుసలన్నీ ఒక్క ఈవెంట్స్‌లోనే కాక డేటాబేస్‌లోని అన్ని టేబుళ్ళలోనూ అలాగే మిగిలాయి.

ఆ ప్రోగ్రామ్ బాధ్యులతో మాట్లాడి, పోయే పనేమీ లేదని తేలాక ఆ సెషన్‌ను ముగించాను. ఆ యూజర్‌కు, ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే ఉన్న సెషన్‌ను ముగించే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్‌ను పది నిమిషాలుగా పెట్టాను. ఇలా వ్యాక్యూమ్ చేతులు కట్టేయగలిగేవి ఇంకో మూడున్నాయి: మరచిపోయిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు (సిద్ధం చేసి ముగించకుండా వదిలినవి), తమ ఎక్స్‌మిన్‌ను (నిలిపి ఉంచవలసిన అతి పాత ట్రాన్సాక్షన్ సంఖ్యను) పట్టుకున్న స్లాట్లు, తన అవసరాలను ప్రైమరీకి చెప్పే హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్‌లో ఉన్న రెప్లికాపై నడిచే పొడవాటి క్వెరీలు. మూడూ చూశాను, ఏదీ లేదు.

6వ రోజు

రాత్రి వ్యాక్యూమ్ పూర్తయింది, చనిపోయిన వరుసలు పోయాయి. డీఎఫ్ మాత్రం నిన్నటి 568 దగ్గరే ఉంది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు: గదులు ఖాళీ అయ్యాయి, ఇల్లు చిన్నది కాలేదు. ఖాళీ అయిన జాగాను మామూలు వ్యాక్యూమ్ ఫ్రీ స్పేస్ మ్యాప్‌లో రాసుకొని, అదే టేబుల్‌కు రాబోయే వరుసలకు ఇస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వగలిగేది ఫైల్ చివర పూర్తిగా ఖాళీ అయిన పేజీలను మాత్రమే. పీజీస్టాట్‌ట్యూపుల్ ఎక్స్‌టెన్షన్‌తో కొలిస్తే 130 జీబీ హీప్‌లో 48 శాతం ఖాళీ అని వచ్చింది.

ఆటోవ్యాక్యూమ్ మొదలయ్యే లెక్కను కూడా సరిచేయాలి. డిఫాల్ట్‌గా 50 వరుసలకు తోడు టేబుల్‌లోని మొత్తం వరుసల్లో 20 శాతం చనిపోయాకే అది కదులుతుంది. చిన్న టేబుల్‌కు ఇది సరిపోతుంది. 40 కోట్ల వరుసలున్నచోట 20 శాతం అంటే 8 కోట్ల చనిపోయిన వరుసలు పేరుకునేదాకా ఆగడం. ఈ శాతాన్ని నిర్ణయించే స్కేల్ ఫ్యాక్టర్‌ను ఈ ఒక్క టేబుల్‌కు 0.01 (1 శాతం) చేశాను, ఇక 40 లక్షలకే మొదలవుతుంది. తరచుగా, కొంచెం కొంచెంగా చేసే శుభ్రతే డిస్కుకు తేలిక.

9వ రోజు

ఇండెక్సులు. ఈవెంట్స్ మీద ఉన్న ఆరింటిలో ఒకదానికి, 22 జీబీ దానికి, ఐడీఎక్స్_స్కాన్ (ఎన్నిసార్లు వాడారన్న లెక్క) విలువ సున్నా. అంతమాత్రాన తీసేయడానికి లేదు. ఈ గణాంకాలు ఒక్కో సర్వర్‌కు విడివిడిగా ఉంటాయి. రెప్లికా మీద నడిచే రిపోర్టులు ఇదే ఇండెక్స్‌ను రోజూ వాడుతున్నా ప్రైమరీలో సున్నాయే కనిపిస్తుంది. రెప్లికాలోనూ చూశాను, అక్కడా సున్నా. అది యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసేది) కాదని, గణాంకాలు ఈమధ్య రీసెట్ కాలేదని కూడా చూసుకొని ఇతర పనులను ఆపకుండా తీసే డ్రాప్ ఇండెక్స్ కంకరెంట్లీతో తీశాను.

మిగిలిన ఐదింటిని రీఇండెక్స్ కంకరెంట్లీతో ఒక్కొక్కటిగా తిరిగి కట్టాను. 12వ వెర్షన్‌లో వచ్చిన ఈ సదుపాయం రాతలను ఆపకుండా పక్కనే కొత్త ఇండెక్స్ కట్టి, చివర్లో పాతదాన్ని తీసేస్తుంది కనుక, కడుతున్నంతసేపూ రెండింటికీ జాగా ఉండాలి. ఒకటి మధ్యలో విఫలమై, పేరు చివర సీసీన్యూ అన్న తోకతో చెల్లని ఇండెక్స్‌ను వదిలింది. దాన్ని తీసేసి మళ్ళీ నడిపాను. అలాంటి శేషాలు క్వెరీలకు ఉపయోగపడవు, జాగా మాత్రం తింటాయి. 74 జీబీ ఇండెక్సులు 46కు వచ్చాయి. మొత్తం వాడకం 518 జీబీ.

12వ రోజు

హీప్‌లోని ఖాళీని ఏం చేయాలన్నది నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. వ్యాక్యూమ్ ఫుల్ టేబుల్‌ను కొత్త ఫైల్‌లోకి బిగువుగా తిరగరాసి పాతదాన్ని వదిలేస్తుంది, కానీ ఆసాంతం యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ పట్టుకుంటుంది. అంటే ఆ టేబుల్‌ను చదవడం కూడా కుదరదు. పీజీ_రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ అంత లాక్ లేకుండానే ఇదే పని చేస్తుంది, అయితే టేబుల్‌కూ ఇండెక్సులకూ కలిపి రెండింతల ఖాళీ జాగా ఉండాలని దాని పత్రాలే చెబుతున్నాయి. మా విషయంలో అది 350 జీబీ పైమాటే, ఉన్నది 337.

అయినా అసలు ప్రశ్న వేరే అని ఈ రోజు స్పష్టమైంది. ఈవెంట్స్‌లో 18 నెలలు దాటిన వరుసలను ఎవరూ చదవరు. వాటిని ఆర్కైవ్‌కు పంపాలన్నదే నియమం. ఇన్నాళ్ళూ దాన్ని నెలకోసారి డిలీట్‌తో చేస్తున్నాం. డిలీట్ చేసిన ప్రతి వరుసా చనిపోయిన వరుసే అవుతుంది, ప్రతి డిలీటూ వాల్‌లో నమోదవుతుంది, తరువాత వ్యాక్యూమ్ తిరగాలి, ఇంత చేసినా డిస్కుకు ఒక్క జీబీ తిరిగి రాదు. జాగా తగ్గించడానికి పెట్టుకున్న పనే జాగాను పెంచుతోంది. టేబుల్‌ను నెలకొక పార్టిషన్‌గా (విడి ఫైళ్ళున్న భాగంగా) చేస్తే, పాత నెలను తీసేయడం అంటే ఫైళ్ళను తీసేయడమే. కనుక ఒకసారి రీప్యాక్ చేసి ఊరుకోవడం కన్నా, ఈ శ్రమను పార్టిషనింగ్ మీదే పెట్టాలని నిర్ణయించాను.

14వ రోజు

పెద్ద పని మొదలుపెట్టే ముందు, డిస్కు నిజంగా నిండితే ఏమవుతుందో పరీక్షా సర్వర్‌లో కళ్ళారా చూడాలనిపించింది. డేటాకు ఒక చిన్న వాల్యూమ్, పీజీ_వాల్‌కు 2 జీబీ వాల్యూమ్ విడిగా ఇచ్చాను.

మొదట డేటా వాల్యూమ్ నింపాను. ఇన్సర్ట్‌కు డివైస్‌లో జాగా లేదన్న ఎర్రర్ వచ్చింది, ఆ ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది, సర్వర్ నడుస్తూనే ఉంది. సెలెక్ట్ క్వెరీలు పనిచేశాయి. తరువాత ఆర్కైవ్ కమాండ్ కావాలనే విఫలమయ్యేలా మార్చి, వరుసలు చేర్చుతూ పోయాను. పీజీ_వాల్‌లో ఫైళ్ళు ఒక్కొక్కటే పెరిగి, నూట ఇరవై దాటాక లాగ్‌లో పానిక్ అన్న పంక్తి పడింది, కనెక్షన్లన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. సర్వర్ తనంతట తాను లేవబోయి, రికవరీకి కూడా వాల్ రాయవలసి రావడంతో మళ్ళీ పడిపోయింది. వాల్యూమ్‌ను 1 జీబీ పెంచి స్టార్ట్ చేస్తే రికవరీ పూర్తయి, కమిట్ అయిన వరుసలన్నీ లెక్కకు సరిపోయాయి.

ఈ పరీక్ష నాకు రెండు సంగతులు చూపించింది. వాల్‌కు జాగా లేకపోవడం, డేటాకు జాగా లేకపోవడం ఒకే స్థాయి ఆపదలు కావు. మరొకటి, నేను రెండవ రోజు పెట్టిన స్లాట్ హద్దు స్లాట్‌లకు మాత్రమే. ఆర్కైవ్ ఆగిపోతే పేరుకునే ఫైళ్ళకు ఏ హద్దూ లేదు. పీజీ_వాల్‌ను విడి వాల్యూమ్‌కు మార్చాలి. అలా చేస్తే ఒక రిపోర్ట్ క్వెరీ రాసే తాత్కాలిక ఫైళ్ళు వాల్ జాగాను తినలేవు. ఆ తాత్కాలిక ఫైళ్ళకు కూడా టెంప్_ఫైల్_లిమిట్‌ను 40 జీబీగా పెట్టాను. ఇది ఒక్కో ప్రాసెస్‌కు వర్తించే హద్దని, సర్వర్ మొత్తానికి కాదని గుర్తుంచుకోవాలి.

17వ రోజు

పార్టిషన్లతో కొత్త టేబుల్ సిద్ధమైంది. పార్టిషన్ చేసిన టేబుల్‌లో ప్రైమరీ కీలో (వరుసను గుర్తించే అద్వితీయ కాలమ్‌లలో) పార్టిషన్ కీ (వరుస ఏ భాగానికి వెళ్ళాలో నిర్ణయించే కాలమ్) కూడా ఉండి తీరాలి. కనుక ఐడీ ఒక్కటే ఉన్న మా కీ ఇప్పుడు ఐడీ, సంఘటన సమయం రెండూ కలిసినది అయింది. ఐడీ ఒక్కటే అద్వితీయమని డేటాబేస్ ఇకపై హామీ ఇవ్వదని అప్లికేషన్ రాసేవారికి ముందే చెప్పాను.

పాత నెలల వరుసలను ఒక్కో నెలగా కాపీ చేస్తున్నాను. మూడవ నెల నడుస్తుండగా పీజీ_వాల్ 8 నుంచి 41 జీబీకి ఎక్కింది. కాపీ చేసే ప్రతి వరుసా వాల్‌లోనూ పడుతుంది, దాన్ని ఆర్కైవ్ సర్వర్ తీసుకునే వేగం మాత్రం అంతే ఉంది. ఆర్కైవ్_స్టేటస్ డైరెక్టరీలో రెడీ అన్న తోకతో ఎదురుచూస్తున్న ఫైళ్ళు రెండు వేలు దాటాయి. పరీక్షలో చూసిన పానిక్ కళ్ళ ముందు మెదిలింది. కాపీ ఆపేసి, ఎదురుచూస్తున్న ఆ ఫైళ్ళు అయిపోయేదాకా ఆగాను, గంటన్నర పట్టింది. ఆ తరువాత ఒక నెలకు బదులు ఒక రోజు చొప్పున కాపీ చేస్తూ, రెడీ ఫైళ్ళు 200 దాటితే స్క్రిప్ట్ తానే ఆగేలా మార్చాను. పని రెండు రోజులు ఆలస్యమైంది, కానీ పీజీ_వాల్ మళ్ళీ 12 జీబీ దాటలేదు.

22వ రోజు

మార్పిడి ఈ రాత్రి జరిగింది. మొదట సర్వర్ ఆపి, వాల్యూమ్ గ్రూప్‌లో కేటాయించకుండా ఉంచిన 160 జీబీలో 100 జీబీతో కొత్త వాల్యూమ్ చేసి, పీజీ_వాల్‌ను అక్కడికి తరలించి, పాత చోట కొత్త చోటును చూపే సింబాలిక్ లింక్ పెట్టాను. స్లాట్ హద్దును 60 నుంచి 40 జీబీకి తగ్గించాను. 100 జీబీ వాల్యూమ్‌లో 60ని ఒక్క రెప్లికాకు వదిలేస్తే ఆర్కైవ్ ఆగిన రోజున ఊపిరాడదు. మిగిలిన 60 జీబీని కావాలనే ఎవరికీ ఇవ్వలేదు. ఈఎక్స్‌టీ4ను నడుస్తుండగానే పెంచవచ్చు, తగ్గించాలంటే మాత్రం అన్‌మౌంట్ చేయాలి. అందుకని జాగాను ముందే పంచిపెట్టకుండా, అవసరం ఎక్కడ వస్తే అక్కడ, వాల్యూమ్‌ను పెంచే ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్‌తో ఇవ్వడమే మేలు.

సర్వర్ లేచాక, ఒకే ట్రాన్సాక్షన్‌లో పాత టేబుల్‌కు రాతలు ఆపి, ఇంకా మారే అవకాశమున్న చివరి మూడు రోజుల వరుసలను కాపీ చేసి, రెండు టేబుళ్ళ పేర్లు మార్చాను. నాలుగు నిమిషాలు పట్టింది. కొత్త టేబుల్, ఇండెక్సులు, టోస్ట్ అన్నీ కలిపి 91 జీబీ.

29వ రోజు

వారం రోజులు పాత టేబుల్‌ను అలాగే ఉంచాను. ఈ వారంలో నెలవారీ వరుసల సంఖ్యలు రెండింటిలోనూ సరిపోల్చాను, 18 నెలలు దాటిన భాగాన్ని కంప్రెస్ చేసి ఆర్కైవ్‌కు పంపి, అందులోంచి ఒక నెలను పరీక్షా సర్వర్‌లో తిరిగి లోడ్ చేసి చూశాను.

ఈ రోజు డ్రాప్ టేబుల్ ఇస్తే, ఇతర వస్తువులు దీనిపై ఆధారపడి ఉన్నాయన్న ఎర్రర్ వచ్చింది. కింద సూచనగా, ఆధారపడినవాటినీ కలిపి తీసేసే క్యాస్కేడ్ వాడమని ఉంది. ఆ సూచనను పాటించే ముందు పై పంక్తి చదవడం మంచిదయింది. ఐడీలు ఇచ్చే సీక్వెన్స్ ఇప్పటికీ పాత టేబుల్ సొత్తుగానే ఉంది, కొత్త టేబుల్‌లో ఐడీకి డిఫాల్ట్ విలువ ఆ సీక్వెన్స్ నుంచే వస్తోంది. క్యాస్కేడ్ అని ఉంటే పాత టేబుల్‌తో పాటు సీక్వెన్స్ పోయేది, దానితో కొత్త టేబుల్ డిఫాల్ట్ కూడా పోయి, తరువాతి ఇన్సర్ట్ నుంచి ప్రతిదీ విఫలమయ్యేది. ఆల్టర్ సీక్వెన్స్‌తో దాన్ని కొత్త టేబుల్ సొత్తుగా మార్చాక, మామూలు డ్రాప్ ఎదురుచెప్పకుండా పూర్తయింది. డీఎఫ్ 601 నుంచి 411 జీబీకి దిగింది, 48 శాతం.

ఈఎక్స్‌టీ4 పక్కన పెట్టిన 5 శాతాన్ని 1 శాతం చేస్తే మరో 36 జీబీ వస్తుందని సహోద్యోగి గుర్తుచేశారు. నిజమే, డేటాకు మాత్రమే వాడే వాల్యూమ్‌కు అంత అక్కరలేదు. అయినా దాన్ని అలాగే ఉంచాను. ఏదో ఒక రాత్రి ఈ వాల్యూమ్ నిండితే, ట్యూన్2ఎఫ్‌ఎస్ ఒక్క కమాండ్‌తో, సర్వర్ ఆపకుండా, క్షణంలో దొరికే జాగా అదే.

30వ రోజు

హెచ్చరికలను తిరగరాశాను. శాతం ఒక్కటే చూసే పాత హెచ్చరికకు తోడుగా ఆర్కైవ్ కోసం ఎదురుచూస్తున్న ఫైళ్ళ సంఖ్య, యాక్టివ్‌గా లేని స్లాట్ పట్టుకున్న జీబీలు, అతి పాత ట్రాన్సాక్షన్ వయసు చేర్చాను. మూడూ డిస్కు నిండడానికి రోజుల ముందే కనిపించేవి. డీఎఫ్‌ను ఐనోడ్ల కోసం కూడా చూడమని చేర్చాను, జీబీలు మిగిలి ఐనోడ్లు అయిపోయినా వచ్చే ఎర్రర్ అదే కనుక.

36వ రోజు

కొత్త నెల మొదలైంది. తొలిసారిగా 18 నెలలు దాటిన పార్టిషన్‌ను తీయాలి. ఆర్కైవ్ కాపీ సరిచూసుకొని, పార్టిషన్‌ను విడదీసే, 14వ వెర్షన్‌లో వచ్చిన డిటాచ్ పార్టిషన్ కంకరెంట్లీ ఇచ్చాను. డిఫాల్ట్ పార్టిషన్ ఉన్నచోట ఇది కుదరదన్న ఎర్రర్ వచ్చింది. ఏ నెలకూ చెందని వరుస వస్తే పోకూడదని నేనే డిఫాల్ట్ పార్టిషన్ ఒకటి పెట్టాను. కంకరెంట్లీ లేకుండా డిటాచ్ చేస్తే మాతృ టేబుల్ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ పడుతుంది. అది క్షణకాలమే అయినా, ముందు నడుస్తున్న పొడవాటి క్వెరీ కోసం ఆగితే వెనుక వచ్చేవన్నీ క్యూ కడతాయి.

డిఫాల్ట్‌లో వరుసలేమీ లేవు. రాబోయే ఆరు నెలల పార్టిషన్లను ముందే తయారుచేసి, ఇంకా మూడు నెలలవే మిగిలినప్పుడు హెచ్చరించే తనిఖీ ఒకటి పెట్టి, డిఫాల్ట్ పార్టిషన్‌ను తీసేశాను. దాన్ని తీయడానికి లాక్ తప్పదు కనుక, లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే లాక్_టైమౌట్‌ను రెండు సెకన్లుగా పెట్టి ప్రయత్నిస్తే, మూడవసారికి దొరికింది. ఆ తరువాత కంకరెంట్లీ డిటాచ్ నడిచింది. విడిపోయిన టేబుల్‌ను డ్రాప్ చేసి డీఎఫ్ చూశాను: 415 నుంచి 411. వచ్చే నెల ఈ పని చేయవలసిన స్క్రిప్ట్‌ను పరీక్షా సర్వర్‌లో రేపు నడిపి చూడాలి.